వావిలి బాణం ఎక్కడ తప్పుతోంది?

మహారాష్ట్రలోని మా సిరొంచ పక్క ప్రాణహిత ఒడ్డునా, చేను గట్ల మీదా వావిలికి కొదవ లేదు. సన్నటి, తిన్నటి వెదురు కావాలంటే తిరిగి వెతుక్కోవాలి. వావిలి అయితే దొడ్డి వెనకే ఉంటుంది. అందుకే కొత్తగా విల్లు పట్టినవాళ్లు ముందు దాన్నే నరుకుతారు. నేను చేసిన మొదటి డజనులో పది బాణాలు పొయ్యిలోకే పోయాయి. బాణం తప్పు వదిలినప్పుడు కనబడుతుంది గానీ, ఆ తప్పు జరిగింది చాలాసార్లు పుల్ల నరికిన రోజున.

ఇదంతా గడ్డిమోపుకు గురి పెట్టి ఆడుకునేవాళ్ల కోసం. అడవి జంతువుల వేటకు 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

ఎండిన పుల్ల మళ్లీ వంగిపోతోంది

ఎప్పుడు నరికారో గుర్తు చేసుకోండి. వానాకాలంలో నరికిన పుల్ల నిండా నీరే. అది ఎండేకొద్దీ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ముడుచుకుంటుంది. చలికాలంలో, ఎదుగుదల మందగించాక నరకాలి. నిరుడు కొట్టేసిన మోడు నుంచి ఈ ఏడు లేచిన చిగురు కొమ్మ అయితే మేలు. వెలుతురు కోసం నిటారుగా పోతుంది, పక్క రెమ్మలు తక్కువ. లావు వైపు 11, 12 మిల్లీమీటర్లు, పొడవు 90 సెంటీమీటర్లు ఉంటే చాలు. బెరడు, గరుకు పోయాక 8, 9 మిల్లీమీటర్లు మిగలాలి.

పది, పదిహేను పుల్లలు కలిపి సుతిలితో బిగించి కట్టండి. మొదటి రెండు వారాలు రెండు రోజులకోసారి కట్టు మళ్లీ బిగించాలి. పుల్లలు సన్నబడేకొద్దీ కట్టు వదులవుతుంది, వదులైన కట్టలో పుల్ల తనకు నచ్చినట్టు తిరుగుతుంది. నేను మొదటిసారి కట్టి అటక మీద పెట్టి మరిచిపోయాను. మూడు నెలలకు దించితే అన్నీ కొడవళ్లే.

ఇప్పటికే వంగిపోయినవి పారేయకండి. నిప్పుల మీద వంపు ఉన్న చోటు మాత్రమే, జానెడు ఎత్తులో, తిప్పుతూ కాచాలి. మంట తగలకూడదు. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కాక వంపుకు ఎదురుగా, కావలసినదానికంటే కాస్త ఎక్కువే వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. అందరూ తప్పేది ఇక్కడే. తిన్నగా వచ్చింది కదా అని వేడి మీదే వదిలేస్తారు, అది మళ్లీ మొదటికే వస్తుంది. మా పక్కింటి గోండు తాత నా చేతిలో నల్లబడ్డ పుల్ల చూసి, "బిడ్డా, నువ్వు బాణం చేస్తున్నవా, బొగ్గు చేస్తున్నవా?" అన్నాడు. నల్లబడ్డ చోట పుల్ల పెళుసు, అక్కడే విరుగుతుంది.

సరిచేసిన పుల్ల వానలు పడగానే మళ్లీ వంగితే, పైపూత లేదని అర్థం. అవిసె నూనె (మన మార్కెట్లో జవస తేల్ అని అడగాలి) గుడ్డతో పల్చగా మూడుసార్లు రుద్దండి, ఒక్కో పూత బాగా ఆరాకే తర్వాతిది. ఆముదం వద్దు, అది ఎన్నాళ్లైనా ఆరదు.

పొడవునా పగుళ్లు

పచ్చిగా ఉండగానే బెరడు తీసేసి ఎండలో పెట్టారు. మన ఎండల సంగతి తెలిసిందే కదా. బెరడుతోనే నీడలో ఆరనివ్వండి, రెండు కొసలకూ కొవ్వొత్తి మైనం పూయండి. పగిలినదానికి మందు లేదు. జిగురు పెట్టి వాడుకుందామనుకోవద్దు, వదిలేటప్పుడు విరిగితే చీలిక చేతిలోకే దిగుతుంది. ప్రతి బాణాన్నీ వదిలే ముందు చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా వంచి చూడండి. టిక్కుమంటే అది పొయ్యికే.

వెదురు పుల్ల నుంచి పిండి రాలుతోంది

పురుగు పట్టింది. వెదురులోని పిండిపదార్థం కోసమే అది వస్తుంది. రాలుతున్నవాటిని వేరు చేసి కాల్చేయండి. వచ్చే ఏడు ముదురు వెదురునే తెచ్చి, రెండు మూడు వారాలు పారే నీటిలో నానేసి, తర్వాత నీడన ఆరబెట్టండి.

తాడు పట్టే గాడి చీలుతోంది

వావిలి నడుమ మెత్తటి బెండు ఉంటుంది. గాడి కోస్తే నేరుగా అందులోకే పోతాం, ఇక అల్లెతాడు తన్నే ప్రతి దెబ్బకూ అది గొడ్డలి పనే చేస్తుంది. గాడి 6 మిల్లీమీటర్ల లోతు దాటనివ్వకండి, దాని అడుగున నూలుదారం పక్కపక్కనే బిగుతుగా ఒక సెంటీమీటరు మేర చుట్టి జిగురు పట్టించండి. గాడి సన్నటి కొస వైపే ఉండాలి, లావు కొస ముందుకు. వెదురైతే కణుపుకు కాస్త పైన గాడి కోయండి, చీలిక కణుపు దగ్గర ఆగుతుంది.

బాణం ఎప్పుడూ ఒక పక్కకే పోతోంది

ముందు మీ చేతిని అనుమానించండి. పది బాణాలూ ఒకే పక్కకు పోతుంటే మాత్రం అది పుల్ల బిగువు, అంటే పుల్ల ఎంత వంగుతుందన్న సంగతే. మన నాటు విల్లు నడుమ బాణం ఆనడానికి గాడి ఉండదు కాబట్టి బాణం పిడి పక్కగా వంగి దాటాలి. కుడిచేతి వాటం వాళ్లకు, బాణం పిడికి ఎడమ పక్కన ఉంటే, మరీ బిరుసు పుల్ల ఎడమకు కొడుతుంది, మరీ మెత్తనిది కుడికి.

కొలవడం తేలికే. 66 సెంటీమీటర్ల దూరంలో రెండు మేకుల మీద పుల్లను ఆనించండి. ఒక సీసాలో నీళ్లు పోసి, సీసాతో కలిపి 900 గ్రాములు తూగేలా కిరాణా కొట్లో తూకం వేయించి, నడిమధ్యన వేలాడదీయండి. ఎన్ని మిల్లీమీటర్లు కిందికి వంగిందో చూసి, 660ని దానితో భాగిస్తే వచ్చేది పౌండ్లలో పుల్ల బిగువు. 22 వంగితే 30 పౌండ్లు. మీ విల్లును పూర్తిగా లాగినప్పుడు కొక్కెం తక్కెడ 18 కిలోలు చూపిస్తే అది దాదాపు 40 పౌండ్ల విల్లు, దానికి 30, 35 పౌండ్ల పుల్ల సరిపోతుంది.

బిరుసుదైతే నడుమ గాజుపెంకుతో సమంగా గీకుతూ, నాలుగు గీకులకోసారి మళ్లీ కొలవండి. లేదంటే ములికి బరువు పెంచండి. మెత్తనిదైతే పొడవు తగ్గించండి. అప్పటికీ కుదరకపోతే పిల్లల విల్లుకు ఇచ్చేయండి, వాళ్లకు సరిగ్గా సరిపోతుంది. కొలత ఒక్కటిగా ఉన్న ఆరు పుల్లలు కావాలంటే ఇరవై నరకాల్సిందే, ఇందులో దగ్గరి దారి లేదు.

గాలిలో ఊగుతోంది

పైకీ కిందికీ ఊగితే తాడు మీద గాడి పెట్టే చోటు తప్పింది. దాన్ని మూడు, నాలుగు మిల్లీమీటర్లు పైకి జరిపి చూడండి. పక్కలకు ఊగితే బిగువు మళ్లీ కొలవండి, ఈకలనూ చూడండి. ఒక బాణానికి మూడూ ఒకే రెక్కవి కావాలి. కుడి రెక్క ఈక, ఎడమ రెక్క ఈక కలిపితే ఒకటి ఇటు తిప్పుతుంది, ఒకటి అటు. బాతు, సీమకోడి ఈకలు చాలు, నెమలి ఈకల జోలికి పోవద్దు. ఈకల అంచులు కొరికినట్టు కనబడితే పురుగు తింటోంది. బాణాలున్న డబ్బాలో రెండు నాఫ్తలీన్ గోళీలు వేసి మూత పెట్టండి.