ఇన్‌స్టాల్ మధ్యలో రీస్టార్ట్ అవుతోందా? ముందు ఆ రెండో ఎస్‌ఎస్‌డీ పీకండి

హ్యాకింతోష్ (మామూలు పీసీ మీద మ్యాక్ ఓఎస్ నడిపే మిషన్) కట్టుకునేవాళ్ల నుంచి నాకు వచ్చే మెసేజ్‌లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఫోన్‌తో తీసిన మసక ఫొటో ఒకటి, దాని కింద "అన్నా, బూట్ అవట్లేదు, ఓపెన్‌కోర్ కాన్ఫిగ్ పంపనా?" అని. (ఓపెన్‌కోర్ అంటే పీసీలో మ్యాక్ ఓఎస్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్, కాన్ఫిగ్ దాని సెట్టింగుల ఫైలు.) కాన్ఫిగ్ వద్దు తమ్ముడూ, ముందు డబ్బాలో ఏమేం బిగించావో చెప్పు అంటాను. ప్రాసెసర్ చెప్తారు, గ్రాఫిక్స్ కార్డు చెప్తారు, ర్యామ్ చెప్తారు. ఎస్‌ఎస్‌డీ ఏంటని అడిగితే "512 జీబీ" అంటారు. నేనడిగింది సైజు కాదు కదా!

ఓపెన్‌కోర్ పెన్‌డ్రైవ్ తయారు చేయడం, బయోస్‌లో సెక్యూర్ బూట్, సీఎస్‌ఎం తీసేయడం, బూట్ ఆర్గ్యుమెంట్లలో వెర్బోస్ పెట్టడం ఇవన్నీ మీకొచ్చనే అనుకుని రాస్తున్నాను. ఆపిల్ లైసెన్స్ ప్రకారం మ్యాక్ ఓఎస్ ఆపిల్ కంప్యూటర్ల మీదే వేయాలి, అది తెలిసే దిగండి. పైగా 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ తాహోయే ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరి వెర్షన్. కాబట్టి ఇప్పుడు దీనికోసం కొత్త పార్టులు కొనడం దండగ, పాత తరం పార్టులు చవగ్గా దొరికితేనే కట్టండి.

పార్టుల విషయంలో నేను చూసేది ఒక్కటే. ఈ చిప్‌ని ఆపిల్ ఎప్పుడైనా తన మ్యాక్‌లో పెట్టి అమ్మిందా? అమ్మితే డ్రైవర్ ఉంటుంది, లేకపోతే ఉండదు. పెట్టె మీది పేరు కాదు, లోపలి చిప్. ఈ లెక్క పట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. ఒక్క ఎస్‌ఎస్‌డీ దగ్గరే ఇది మోసం చేస్తుంది, అది కింద వివరంగా చెప్తాను.

సమస్య: ఆపిల్ లోగో, గీత సగం దాకా వచ్చి స్క్రీన్ నల్లబడటం

గ్రాఫిక్స్. వేరే ఆలోచనే వద్దు. ఎన్విడియా అయితే ఆ కార్డు అమ్మేయండి. మ్యాక్స్‌వెల్, పాస్కల్ కార్డులకు హై సియెర్రా (10.13) తర్వాత డ్రైవర్ రాలేదు, ఆర్‌టీఎక్స్ కార్డులకైతే అసలెప్పుడూ లేదు. ఏఎండీ కదా, ఏదైనా పర్లేదులే అనుకునేవాళ్లు ఇంకో రకం. ఆర్ఎక్స్ 580 నడుస్తుంది, 5700 ఎక్స్‌టీ నడుస్తుంది, 6600, 6800, 6900 ఎక్స్‌టీ నడుస్తాయి. మధ్యలో ఉన్న 6700 ఎక్స్‌టీ మాత్రం మామూలుగా నడవదు, ఎందుకంటే నావీ 21, నావీ 23 చిప్‌లను ఆపిల్ మ్యాక్ ప్రో కార్డుల్లో వాడింది, నావీ 22ని వాడలేదు. 6400, 6500 ఎక్స్‌టీ, 7000 సిరీస్ మొత్తం వదిలేయండి. ఆర్ఎక్స్ 550 ఇంకా తమాషా. ఒకే పేరుతో రెండు చిప్‌లు అమ్మారు, బఫిన్ ఉన్నది నడుస్తుంది, లెక్సా ఉన్నది నడవదు. విండోస్‌లో జీపీయూ-జెడ్ తెరిస్తే ఏ చిప్పో పేరు కనబడుతుంది, అది చూడకుండా సెకండ్ హ్యాండ్ 550కి డబ్బులివ్వకండి. 5000, 6000 సిరీస్ సరైన కార్డే అయినా తెర నల్లగానే ఉంటే ఏజీడీపీమాడ్‌కి పికెరా పెట్టడం మర్చిపోయి ఉంటారు, అది బూట్ ఆర్గ్యుమెంట్లలో వేయండి.

కార్డు లేకుండా ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌తో లాగిద్దామనుకుంటే ఇంటెల్ 10వ తరం దగ్గర ఆగిపోవాలి. 2020 ఐమ్యాక్‌లో ఆపిల్ వాడింది అదే. ఐ5-10400 హాయిగా నడుస్తుంది. పేరు చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ ఉండదన్న సంగతి తెలిసిందే. 11వ తరం, 12వ తరం ప్రాసెసర్లను ఎలాగోలా నడిపించవచ్చు కానీ వాటి లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు, విడిగా కార్డు తప్పదు.

సమస్య: అన్నీ బాగానే ఉండి, ఎప్పుడంటే అప్పుడు రీస్టార్ట్ అవడం

ఈ పోస్ట్ రాస్తున్నదే దీనికోసం. ఒకసారి ఇన్‌స్టాల్‌లో 12 నిమిషాలు మిగిలాయనగా పోతుంది. ఒకసారి ఇన్‌స్టాల్ పూర్తయి, డెస్క్‌టాప్ వచ్చి, రెండు గంటలు బుద్ధిగా నడిచి, ఫైల్ కాపీ అవుతుండగా పోతుంది. ఇంకోసారి మీరు టీ తాగొచ్చేసరికి దానంతటదే రీస్టార్ట్ అయి, సమస్య వల్ల కంప్యూటర్ రీస్టార్ట్ అయిందని మెసేజ్ చూపిస్తూ ఉంటుంది. ఒక పద్ధతంటూ ఉండదు. అందుకే అందరూ ర్యామ్‌ని అనుమానిస్తారు.

నేనూ అనుమానించాను. మా బావమరిది పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు, ఫైనల్ కట్ కోసం వాడికో డబ్బా కట్టాను. ఐ5-10400, ఆర్ఎక్స్ 580, మ్యాక్ కోసం కొత్త 500 జీబీ ఎస్‌ఎస్‌డీ. కాగితం మీద వంక పెట్టడానికేమీ లేదు. పాత పనుల కోసం విండోస్ కూడా కావాలంటే, ఎవరో ల్యాప్‌టాప్‌లోంచి తీసి అమ్మిన 256 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చి రెండో ఎం.2 స్లాట్‌లో పెట్టి, పైన హీట్‌సింక్ మూసేశాను. అంతే, దాని సంగతే మర్చిపోయాను.

తర్వాత మూడు వారాలు ఏమేం చేశానో చెప్తే నవ్వుతారు. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపాను, ఒక్క ఎర్రర్ లేదు. అయినా ర్యామ్ మార్చాను. ఎస్‌ఎంపీఎస్ మార్చాను. ఓపెన్‌కోర్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ ఫోల్డర్ మొదటి నుంచి మూడుసార్లు కట్టాను. బయోస్ అప్‌డేట్ చేశాను. ఆఖరికి ప్యానిక్ (మ్యాక్ ఓఎస్ మొత్తం కుప్పకూలడం) వచ్చినప్పుడు మిషన్ ఆగిపోయేలా డీబగ్ ఆర్గ్యుమెంట్ పెడితే తెర మీద కనిపించింది, "ఎన్‌వీఎంఈ, ఫేటల్ ఎర్రర్ అకర్డ్" అని. ఎన్‌వీఎంఈ అంటే ఎం.2 స్లాట్‌లో పెట్టే వేగమైన ఎస్‌ఎస్‌డీల రకం. దొరికింది దొంగ అనుకుని ఏం చేశానో తెలుసా, మ్యాక్ ఉన్న ఎస్‌ఎస్‌డీ తీసేసి ఇంకోటి కొని మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను! మూడో రోజే వాడి ఫోన్, "బావా, మళ్లీ పోయింది."

ఆ వారంలోనే వాడికి పాత ఫొటోలేవో కావాలని విండోస్ డ్రైవ్ ఊడదీసుకుని వేరే చోటికి పట్టుకెళ్లాడు. ఆ సాయంత్రం ఫోన్ చేసి "బావా, ఇవాళ పొద్దున్నుంచీ రెండర్ పెట్టా, ఒక్కసారి కూడా పడలేదు, ఏం చేశావ్?" అన్నాడు. నేనేం చేయలేదురా, చేసింది నువ్వే.

జరిగేదేంటంటే, మ్యాక్ ఓఎస్ లేచేటప్పుడు బోర్డు మీదున్న ప్రతి ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కీ తన డ్రైవర్ తగిలిస్తుంది. అందులో మ్యాక్ ఉందా, విండోస్ ఉందా, ఖాళీగా ఉందా అన్నది దానికి అనవసరం. ఆపిల్ ఆ డ్రైవర్‌ని మొదట రాసుకుంది తన సొంత ఎస్‌ఎస్‌డీల కోసం, హై సియెర్రా నుంచి బయటి ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు కూడా ప్యాచ్‌లు లేకుండా నడవడం మొదలైంది. చాలా డ్రైవ్‌లు దానితో బాగానే సర్దుకుంటాయి. కొన్నింటి ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) సర్దుకోదు. ఏదో ఒక క్షణంలో ఆ డ్రైవ్ జవాబివ్వడం మానేస్తుంది, ఒక్క డ్రైవే కదా పోయిందని వదిలేయకుండా మ్యాక్ ఓఎస్‌కి గుండెకాయలాంటి మొత్తం కెర్నల్‌నే పడేస్తుంది. మీరు పని చేసుకుంటున్న డ్రైవ్‌కీ దీనికీ సంబంధమే లేదు. విండోస్‌లో అదే డ్రైవ్ ఏళ్ల తరబడి నడుస్తుంది, డ్రైవ్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెడితే నీలంగా "గుడ్" అని చూపిస్తుంది, ఇంక దాని మీద అనుమానం ఎక్కడిది?

నేను మూడు వారాలు పట్టించుకోని జవాబు ఆ ప్యానిక్ లైన్‌లోనే ఉంది. చివర్లో వీఐడీ/డీఐడీ అని ఒక సంఖ్య ఉంటుంది, అందులో ఆఖరి నాలుగు అక్షరాలు తయారీదారు కోడ్. 144డీ అంటే సామ్‌సంగ్, 15బీ7 అంటే శాన్‌డిస్క్, డబ్ల్యూడీ, 1344 అంటే మైక్రాన్. మీ మ్యాక్ డ్రైవ్ డబ్ల్యూడీ అయ్యుండి అక్కడ 144డీ కనిపిస్తే పడేసింది మ్యాక్ డ్రైవ్ కాదు, పక్కది. నేను ఆ అంకెలు చదివుంటే ఒక ఎస్‌ఎస్‌డీ డబ్బులు మిగిలేవి.

ఈ విషయంలో పేరుపడ్డవి ల్యాప్‌టాప్ కంపెనీలకు సరఫరా చేసే ఓఈఎం డ్రైవ్‌లు, పీఎం981, పీఎం991, మైక్రాన్ 2200ఎస్. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా "సామ్‌సంగ్ ఎన్‌వీఎంఈ, ల్యాప్‌టాప్ నుంచి తీసింది" అని చవగ్గా కనిపిస్తే స్టిక్కర్ చదవండి. మోడల్ నంబర్ ఎంజెడ్‌వీఎల్‌బీతో మొదలైతే అది పీఎం981 కుటుంబం. షాపులో సీలు పెట్టెలో వచ్చే 970 ఈవో కంట్రోలర్, దీని కంట్రోలర్ ఒకటే, అది నడుస్తుంది కాబట్టి ఇదీ నడుస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, తేడా ఫర్మ్‌వేర్‌లో ఉంది. 970 ఈవో ప్లస్ కూడా మొదట్లో ఇలాగే పడేసేది, 2బీ2క్యూఈఎక్స్‌ఎం7 ఫర్మ్‌వేర్ వచ్చాక బాగుపడింది. పాతది సెకండ్ హ్యాండ్‌లో కొంటే విండోస్‌లో సామ్‌సంగ్ మెజీషియన్‌తో అప్‌డేట్ చేశాకే మ్యాక్ వేయండి. హీట్‌సింక్ కింద స్టిక్కర్ కనబడకపోతే విండోస్ డివైస్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్‌ల కింద మోడల్ నంబర్ ఉంటుంది, దానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

పరిష్కారం. కాన్ఫిగ్‌లో చేయి పెట్టకముందే, ర్యామ్ ముట్టుకోకముందే, మ్యాక్ ఉన్న డ్రైవ్ ఒక్కటి ఉంచి మిగతావన్నీ ఊడదీసి ఒక రోజంతా నడపండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా "అది విండోస్ డ్రైవ్ అన్నా, దానికీ దీనికీ ఏం సంబంధం" అనే జవాబే వస్తుంది. పీకి చూడండి, ఐదు నిమిషాల పని. నిలబడితే దొంగ దొరికినట్టే. ఆ డ్రైవ్ స్థానంలో సాటా ఎస్‌ఎస్‌డీ గానీ, డబ్ల్యూడీ ఎస్ఎన్550, ఎస్ఎన్750 లాంటిది గానీ పెట్టుకోండి, నాకు వీటితో ఎప్పుడూ గొడవ రాలేదు. డ్రైవ్ మార్చలేను, విండోస్ అందులోనే ఉండాలంటే, మ్యాక్ కంటికి అది కనబడకుండా చేయాలి. డివైస్ మేనేజర్‌లో ఆ కంట్రోలర్ లొకేషన్ పాత్ చూసుకుని, ఓపెన్‌కోర్ డివైస్ ప్రాపర్టీస్‌లో ఆ దారికి క్లాస్-కోడ్ విలువ మొత్తం ఎఫ్‌లతో నింపండి. మ్యాక్ డ్రైవర్ దాన్ని తన డ్రైవ్ కాదనుకుని వదిలేస్తుంది, విండోస్‌కి మామూలుగానే కనిపిస్తుంది. ఎన్‌వీఎంఈఫిక్స్ కెక్స్ట్ (మ్యాక్ ఓఎస్‌కి అదనంగా వేసే డ్రైవర్ ఫైలు) వేస్తే చాలంటారు కొందరు. వేస్తే పడటం తగ్గుతుంది, ఆగదు. వారానికోసారి పడే మిషన్ మీద పెళ్లి వీడియో ఎవరు ఎడిట్ చేస్తారు?

సమస్య: అడ్డగీత ఉన్న గుండ్రటి గుర్తు, లేదా రూట్ డివైస్ కోసం ఎదురుచూస్తున్నానని ఆగిపోవడం

పెన్‌డ్రైవ్ కనబడట్లేదు, అంతే. మ్యాక్ ఒక యూఎస్‌బీ కంట్రోలర్‌కి 15 పోర్టులే లెక్కలోకి తీసుకుంటుంది, పైగా ఒక్క యూఎస్‌బీ 3 సాకెట్టే రెండు పోర్టుల కింద లెక్క. మీ పెన్‌డ్రైవ్ 16వ దాంట్లో పడి ఉంటుంది. ఆ హద్దు ఎత్తేసే సెట్టింగ్ 11.3 నుంచి పనిచేయదు కాబట్టి పాత వీడియోలు చూసి దాన్నే నమ్ముకోకండి. వెనకవైపు యూఎస్‌బీ 2 సాకెట్‌లో పెట్టి చూడండి, తర్వాత విండోస్‌లో యూఎస్‌బీటూల్‌బాక్స్‌తో మ్యాప్ చేసుకోండి.

సమస్య: వైఫై గుర్తు ఉంది, నెట్‌వర్క్‌లు లేవు

బ్రాడ్‌కామ్ కార్డు కొంటే చాలు అని చెప్పే పాత గైడ్లను పక్కన పెట్టండి. 2023లో సోనోమా నుంచి ఆపిల్ ఆ పాత కార్డుల డ్రైవర్లు తీసేసింది. వాటిని మళ్లీ బతికించాలంటే సిస్టమ్ ఫైళ్లకు ప్యాచ్ వేయాలి, ప్రతి అప్‌డేట్‌కీ మళ్లీ అదే పని. వెంచురా దగ్గరే ఆగిపోయేవాళ్లకు బ్రాడ్‌కామ్ ఇప్పటికీ బెస్ట్. లేదంటే బోర్డు మీదున్న ఇంటెల్ కార్డుకి ఐటీఎల్‌డబ్ల్యూఎం కుటుంబంలోని కెక్స్ట్ వేసుకోండి. రియల్‌టెక్, మీడియాటెక్ వైఫై కార్డుల మీద టైమ్ వేస్ట్ చేయకండి. అన్నిటికన్నా సుఖం ల్యాన్ వైరు.

మిగతావి

ఐ225-వీ ల్యాన్ ఉన్న బోర్డుల్లో నెట్ రాకపోతే దానికి వేరే ప్యాచ్ ఉంది, ఓపెన్‌కోర్ గైడ్‌లో 10వ తరం పేజీలోనే రాశారు. సాటా డ్రైవ్ కనబడకపోతే బోర్డు మాన్యువల్ తీయండి, ఎం.2 స్లాట్ నిండితే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోయే బోర్డులు చాలా ఉన్నాయి. నిజంగానే ర్యామ్ పోయిన కేసు నాకు ఒకే ఒక్కటి తగిలింది, అది విండోస్‌లోనూ పడేది.

బావమరిది 256 జీబీ డ్రైవ్ ఏమైందని అడుగుతారేమో. యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో వేసిచ్చాను. ఎన్‌క్లోజర్‌లో ఉంటే మ్యాక్ దాన్ని మామూలు యూఎస్‌బీ డిస్కుగానే చూస్తుంది, ఎన్‌వీఎంఈ డ్రైవర్ దాని జోలికి పోదు. అదే మ్యాక్‌కి తగిలించి పెళ్లిళ్ల ఫుటేజ్ అందులో పెట్టుకుంటున్నాడు, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పడలేదు.