కొమ్మ కుదిరాకే హైడ్

పిట్టల ఫొటోలు తీయడానికి ముందు హైడ్ (వాటికి కనిపించకుండా మనం లోపల కూర్చునే చిన్న గుడారం) కొనేసి, తర్వాత దాన్ని ఎక్కడ వేద్దామా అని అడవంతా తిరిగేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం ముందు కొమ్మ వెతుకుతాను. వసంతంలో మగపిట్ట తన హద్దులో పాడటానికి కొన్ని కొమ్మలు ఎంచుకుని, మళ్లీ మళ్లీ వాటి మీదికే వస్తుంది. కెమెరా లేకుండా వెళ్లి, తెల్లవారుజామున దూరంగా ఓ చెట్టుకు ఆనుకుని కూర్చుంటే ఆ కొమ్మలేవో తెలిసిపోతాయి. కింద ఎండుటాకుల మీద తెల్లటి రెట్టల మరకలు కనిపిస్తే ఇంకా నమ్మకం. చిగుళ్లు పూర్తిగా విచ్చుకోకముందే ఈ పని అయిపోవాలి. ఆ తర్వాత పాట వినిపిస్తుంది గానీ పిట్ట కనిపించదు.

ఇక ఎండ సంగతి. పొద్దున తీస్తాం కాబట్టి కొమ్మకు తూర్పున హైడ్ వేసుకుంటే వెలుతురు మన వీపు మీదుగా పిట్ట మీద పడుతుంది. కొమ్మ వెనకాల ఆరేడు మీటర్లు ఖాళీగా ఉండాలి. అక్కడే పొద ఉంటే ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా బ్యాక్‌గ్రౌండ్ గజిబిజే. గుప్పెడంత పిట్టకు 500 ఎంఎం లెన్స్‌తో ఐదారు మీటర్ల దూరం చాలు. అంతకంటే దగ్గరికి జరగాలనుకుంటే మీ లెన్స్ కనీసం ఎంత దూరం నుంచి ఫోకస్ చేస్తుందో ముందే చూసుకోండి.

గూడు దగ్గర మాత్రం హైడ్ వద్దు. 1937లో ఎరిక్ హోస్కింగ్ అనే ఇంగ్లండ్ ఫొటోగ్రాఫర్ గుడ్లగూబ గూటి దగ్గర వేసుకున్న హైడ్‌లోకి రాత్రిపూట ఎక్కుతుంటే అది మీదపడి ఒక కన్ను పోగొట్టింది. చాలాసార్లు నష్టం మనకు కాదు, పిట్టకే. తల్లి జంకి గూటికి రాకపోతే గుడ్లు చల్లబడిపోతాయి. ఫొటోకి అడ్డమని మనం విరిచిన రెమ్మలే కాకులకు దారి చూపిస్తాయి. రికార్డు చేసిన కూత వినిపించి రప్పించడమూ నాకు నచ్చదు. పోటీదారు వచ్చాడనుకుని ఆ మగపిట్ట తిండి మానేసి వెతుకుతూ తిరుగుతుంది.

హైడ్‌ను మొదట దూరంగా వేసి, రోజుకు కొంచెం చొప్పున ముందుకు జరపండి. గుడారం ఆకారానికి పిట్టలు త్వరగానే అలవాటు పడతాయి, గాలికి టపటపలాడే గుడ్డకు మాత్రం పడవు. అందుకే తాళ్లు బిగించి కట్టాలి, వదులు అంచుల మీద రాళ్లు పెట్టాలి. లెన్స్ పెట్టే కంతలో మొదటి రోజు నుంచే ఒక నల్ల పైపు ముక్క గుచ్చి ఉంచండి. తర్వాత దాని స్థానంలో లెన్స్ వచ్చినా పట్టించుకోవు. వెనక కిటికీలన్నీ మూసెయ్యాలి, లేకపోతే మన నీడ కదలడం బయటికి తెలుస్తుంది. చేతులకు ముదురు రంగు గ్లోవ్స్ వేసుకోండి.

చీకటి ఉండగానే లోపలికి వెళ్లిపోవాలి. అలా కుదరకపోతే ఇద్దరు కలిసి వెళ్లి ఒకరు తిరిగి వచ్చేయండి. మనిషి వెళ్లిపోయాడని చాలా పిట్టలు మామూలైపోతాయి. పాత చిట్కానే, ఇప్పటికీ పనిచేస్తుంది.

సెట్టింగుల గురించి ఎక్కువ టెన్షన్ పడక్కర్లేదు. లెన్స్ ఎపర్చర్ ఎఫ్ 5.6, షట్టర్ వేగం 1/1000 సెకను, ఆటో ఐఎస్ఓ (వెలుతురుకు తగ్గట్టు కెమెరానే సర్దుకుంటుంది), ఫోకస్ పిట్ట కంటి మీద. కూర్చున్న పిట్టకు అంత వేగమెందుకు అంటారేమో. పాడుతున్నప్పుడు దగ్గరగా చూడండి: ముందు గొంతు కింది ఈకలు ఉబ్బుతాయి, వెంటనే ముక్కు తెరుచుకుంటుంది, ఆపైన తోక చివరి దాకా ఒళ్లంతా వణుకుతుంది. 1/250 పెడితే ముక్కు మసకబారుతుంది. గొంతు ఉబ్బగానే బటన్ నొక్కాలి. సైలెంట్ షట్టర్ మంచిదే, కానీ కొన్ని కెమెరాల్లో ఎగిరేటప్పుడు రెక్కలు వంకరగా వస్తాయి. లేత ఆకుల కింద తెల్లటి పొట్ట ఆకుపచ్చగా పడుతుంది కాబట్టి రా (RAW) ఫైల్‌లో, అంటే కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్‌లో, తీస్తే తర్వాత సరిచేసుకోవచ్చు. లెన్స్ తిప్పాల్సి వస్తే నేను పాట సాగుతుండగానే మెల్లగా తిప్పుతాను, పాట ఆగితే నేనూ ఆగుతాను.

పాట పోయి, ఒకే పొడి కూత టిక్ టిక్ మని ఆగకుండా వస్తోందంటే అది మన గురించే. పావుగంటైనా తగ్గకపోతే హైడ్ మరీ దగ్గరగా ఉన్నట్టు. పిట్ట అటు ఎగిరిపోయాక బయటికి వచ్చి, పది మీటర్లు వెనక్కి జరపండి. మర్నాడూ అదే కూత వినిపిస్తే అక్కడి నుంచి ఎత్తేసి ఇంకో కొమ్మ చూసుకోండి.