కెమెరాలకు కరెంటు మోసే నెట్‌వర్క్ కేబుల్ వేడెక్కకుండా ఎలా వేయాలి?

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల లాడ్జిల్లో అయినా, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల రేకుల షెడ్లలో అయినా ఇప్పుడు సీసీ కెమెరాకు విడిగా కరెంటు వైరు లాగడం బాగా తగ్గింది. డేటా వెళ్లే క్యాట్6 కేబుల్‌లోనే కరెంటూ వెళ్తుంది. దీన్ని పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) అంటారు. ఆ కేబుల్‌లో ఒక్కో రాగి తీగ మందం అర మిల్లీమీటరు చిల్లర. కరెంటు పారినంతసేపూ అందులో వేడి పుడుతూనే ఉంటుంది. కేబుల్ ఒంటరిగా ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. నలభై కేబుళ్లను బిగించి కట్టి పైపులో దూరిస్తే మధ్యలో ఉన్నవాటి వేడికి బయటికి దారి ఉండదు. మామూలు డేటా కేబుల్ 60 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటుంది. కత్తిరి ఎండల్లో నీడలోనే 42 డిగ్రీలు ఉంటే మన చేతిలో మిగిలేది 18 డిగ్రీలు. ఎండ నేరుగా పడే మిద్దె మీది పైపులో అదీ మిగలదు.

1. ముందు వాట్లు రాసుకోండి

ఏ కేబుల్ చివర ఏ పరికరం ఉంటుంది, అది ఎన్ని వాట్లు తీసుకుంటుంది అన్నది కాగితం మీద పెట్టండి. పరికరం వెనక స్టిక్కర్ మీద గరిష్ఠ వాట్లు ఉంటాయి. చీకట్లో చూడటానికి కెమెరాలో ఉండే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలిగినప్పటి లెక్క అదే, దాన్నే తీసుకోండి. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం ప్రకారం స్విచ్ (కెమెరాల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) పోర్టు 15.4 వాట్ల దాకా ఇస్తుంది. 2009 నాటి 802.3ఏటీ 30 వాట్లు, 2018 నాటి 802.3బీటీ 90 వాట్ల దాకా ఇస్తాయి. 30 వాట్లు బయల్దేరితే 100 మీటర్ల అవతల అందుతాయని నమ్మదగినవి 25.5 వాట్లు. మిగతా 4.5 వాట్లు దారిలో కేబుల్‌ను వేడి చేస్తాయి. 90 వాట్ల పోర్టులో ఈ నష్టం 18.7 వాట్ల దాకా ఉండొచ్చు. అలాంటివి 24 కేబుళ్లు ఒకే కట్టలో ఉంటే మీటరు పొడవుకు దాదాపు నాలుగున్నర వాట్ల వేడి.

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుంటే సగం తప్పులు జరగవు. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది. అందుకే 12 వోల్టుల అడాప్టర్‌ను కింద పెట్టి, కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో నీలం, గోధుమ రంగు జతల మీద 12 వోల్టులు పంపే పద్ధతిని మానుకోండి. ఖర్చు తక్కువని చాలామంది ఇలాగే చేస్తారు. 12 వాట్ల కెమెరా 48 వోల్టుల మీద పావు ఆంపియర్ తీసుకుంటుంది. 12 వోల్టుల మీద ఒక ఆంపియర్ కావాలి. అంటే అదే తీగలో వేడి 16 రెట్లు. పైగా 24 గేజ్ (గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం) క్యాట్5ఈ అనే పాత రకం కేబుల్‌లో 40 మీటర్ల దూరానికి, రెండు జతలూ వాడినా, 3.4 వోల్టులు దారిలోనే పోతాయి. కెమెరా దగ్గరికి చేరేది 8.6 వోల్టులు. వోల్టేజీ తగ్గేకొద్దీ కెమెరా అవే వాట్ల కోసం ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. పగలంతా బాగానే ఉండి, చీకటి పడి ఐఆర్ లైట్లు వెలగగానే కెమెరా ఆగి ఆగి మళ్లీ మొదలవుతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. కెమెరా మార్చి లాభం లేదు, ప్రమాణం ప్రకారం పనిచేసే పీఓఈ స్విచ్ పెట్టాలి.

2. కేబుల్ పెట్టె కొనేటప్పుడే పరీక్షించండి

23 గేజ్ స్వచ్ఛమైన రాగి కేబుల్ తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన సీసీఏ కేబుల్ చూడటానికి అచ్చం రాగిలాగే ఉంటుంది. కానీ దాని నిరోధం రాగి కంటే దాదాపు 60 శాతం ఎక్కువ, వేడీ అంత ఎక్కువే. తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే తిప్పి పంపండి. బరువులోనూ తేడా దొరుకుతుంది. 305 మీటర్ల 23 గేజ్ పెట్టెలో రాగి ఒక్కటే అయిదున్నర కిలోలకు పైగా తూగాలి. సీసీఏ పెట్టె ఎత్తగానే తేలిగ్గా తెలుస్తుంది.

అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష మల్టీమీటరుతో. పెట్టె లోపలి కొసను బయటికి తీసి ఒక జతలోని రెండు తీగలను మెలిపెట్టి కలపండి. రెండో కొస దగ్గర అదే జత మీద ఓమ్‌లు కొలవండి. మీటరు వైర్ల నిరోధాన్ని ముందే చూసుకుని తీసేయండి. 23 గేజ్ రాగికి 305 మీటర్ల మీద 20 డిగ్రీల దగ్గర 41, 42 ఓమ్‌లు రావాలి. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి మే నెల మధ్యాహ్నం అంగట్లో కొలిస్తే 45 వచ్చినా కంగారు పడొద్దు. 65 దగ్గరికి వస్తే మాత్రం అది సీసీఏ. అంగడివాళ్లు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే వేరే అంగడికి వెళ్లండి.

3. దారి, కట్ట

మిద్దె మీద నీడ ఎక్కువసేపు ఉండే గోడ పక్కన దారి ఎంచుకోండి. రేకుల షెడ్డులో రేకుకు ఆనించి కట్టొద్దు, కనీసం ఒకటి రెండు అడుగులు కిందికి దించి ఇనుప ట్రేలో పరవండి. ఎండ తగిలే చోట నల్లటి పీఈ (పాలీఎథిలీన్) తొడుగు ఉన్న అవుట్‌డోర్ కేబులే వాడాలి. లోపల వాడే పీవీసీ తొడుగు ఎండకు పెళుసెక్కి పగులుతుంది.

కట్టకు 24 కేబుళ్లు మించకూడదు. 60, 90 వాట్ల పోర్టులైతే 12తో ఆపండి. కట్టకూ కట్టకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి. ప్లాస్టిక్ ట్యాగులు లాగి బిగిస్తే తొడుగు నలిగి జతలు చెదురుతాయి, వెల్క్రో పట్టీ చాలు. పైపులో 40 శాతానికి మించి నింపొద్దు. 25 ఎంఎం పీవీసీ పైపులో ఐదు క్యాట్6 కేబుళ్లు, అంతే. ఆరోది నెట్టితే పోతుంది కానీ గాలికి చోటుండదు.

మిగిలిన కేబుల్‌ను చుట్ట చుట్టి ఫాల్స్ సీలింగ్ మీద పడేసే అలవాటు మానాలి. చుట్టలో ఒకే కేబుల్ తనకు తాను ఆనుకుని ఉంటుంది, అదీ ఒక కట్టే. రెండు మూడు మీటర్లు ఉంచుకుని మిగతాది కోసేయండి.

4. దూరం తగ్గించండి

వేడెక్కిన కేబుల్‌లో డేటా సిగ్నల్ కూడా నీరసిస్తుంది. 20 డిగ్రీల దగ్గర 90 మీటర్లు లాగగలిగిన, షీల్డు (తీగల చుట్టూ లోహపు పొర) లేని కేబుల్‌ను 40 డిగ్రీల దగ్గర 84 మీటర్లకు, 60 డిగ్రీల దగ్గర 75 మీటర్లకు పరిమితం చేయాలి. మన ఎండలకు ఆరుబయట 75 అనే లెక్కతోనే నడవండి. అంతకు మించితే మధ్యలో ఒక చిన్న స్విచ్ పెట్టండి.

5. కొసలు

ప్లగ్గులో సరిగా క్రింప్ కాని (తీగకు నొక్కి బిగించని) ఒక్క పిన్ను చాలు, అక్కడే వేడి పుడుతుంది. జతలో ఒక తీగ నిరోధం ఎక్కువైతే కరెంటు రెండో తీగ మీదికి మళ్లి, పోర్టులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సంతృప్తమై (ఇక సిగ్నల్‌ను సరిగా దాటించలేక) డేటాలో తప్పులు వస్తాయి. 1000 ఎంబీపీఎస్ లింకు తరచూ 100కు పడిపోతుంటే ముందు రెండు కొసలూ కోసి మళ్లీ క్రింప్ చేయండి. కరెంటు పారుతుండగా ప్లగ్గు పీకొద్దు. పీకిన క్షణంలో నిప్పురవ్వ లేచి పిన్ను మీది బంగారు పూతను తినేస్తుంది. లెన్సుతో చూస్తే పిన్ను కొన మీద నల్లటి చుక్క కనిపిస్తుంది. స్విచ్ సెట్టింగుల్లో ఆ పోర్టు పీఓఈ ఆపి, తర్వాత తీయండి.

6. కొలిచి చూడండి

ఐఆర్ గన్ను (దూరం నుంచే వేడిని కొలిచే పరికరం) కట్ట పైతొడుగు వేడినే చూపిస్తుంది. కావాల్సింది మధ్యలోది. మీటరుకు తగిలించి వేడిని కొలిచే కే టైప్ థర్మోకపుల్ తీగను కట్ట నడుమకు దూర్చి, పట్టీ వేసి, రెండు గంటలు వదిలేయండి. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి ఏడున్నరకు ఒకసారి రాసుకోండి. రెండోది చాలామంది వదిలేస్తారు. పొద్దుగూకినా మిద్దె స్లాబు చల్లారదు, సరిగ్గా అదే వేళకు ఐఆర్ లైట్లన్నీ వెలిగి కరెంటు పెరుగుతుంది.

50 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. 50 నుంచి 55 వస్తే కట్టను రెండుగా విడదీసి మర్నాడు మళ్లీ కొలవండి. 55 దాటితే ఎక్కువ వాట్ల కేబుళ్లను ఒకే చోట ఉంచకుండా వేర్వేరు కట్టల్లోకి, కట్టల అంచుల్లోకి మార్చండి. అప్పటికీ దిగకపోతే దారి మార్చాల్సిందే. 60 చూపిస్తే మరుసటి రోజు దాకా ఆగకుండా ఆ రాత్రే కొన్ని పోర్టుల పీఓఈ ఆపేయండి.