పాత సోల్ పాటలో వింత శబ్దం దొరకాలంటే ఒక చెవే చాలు

1960ల అమెరికన్ సోల్ గాయనుల బృందం సుప్రీమ్స్ పాటలు ఫోన్ స్పీకర్‌లో పెడితే గొంతులు తప్ప మిగతాదంతా కలగాపులగంగా వినిపిస్తుంది. 1967లో వచ్చిన వాళ్ల పాట 'రిఫ్లెక్షన్స్' మొదట్లో రేడియో సిగ్నల్‌లా కుయ్‌కుయ్‌మనే శబ్దం ఒకటి ఉంటుంది. అది ఏ వాయిద్యమూ కాదు, ఆసిలేటర్ అనే ఎలక్ట్రానిక్ పరికరం. అప్పటి పాప్ పాటల్లో అలాంటిది అరుదు.

దాన్ని విడిగా వినడానికి వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, వాల్యూమ్ సగం చాలు. పాట స్టీరియో వెర్షన్ (రెండు చెవులకూ వేర్వేరు శబ్దాలు పంపేది) వెతికి, మొదటి 30 సెకన్లు ఎడమ చెవిది మాత్రమే ఉంచుకుని వినండి. వెనక్కి జరిపి అదే ముక్క కుడి చెవితో వినండి. ఆ కాలపు స్టీరియోలో చాలాసార్లు వాయిద్యాలను ఒక్కో పక్కకి తోసేసేవారు, అందుకే ఒక చెవిలో గొంతు తగ్గి వాయిద్యం పైకి తేలుతుంది. మూడోసారి రెండు చెవులతో వింటే, ఇంతసేపూ ఇది ఎక్కడ దాక్కుందా అనిపిస్తుంది.

వాళ్లదే 1964 నాటి పాట 'వేర్ డిడ్ అవర్ లవ్ గో'లో చప్పట్లలా వినిపించేది నిజానికి చెక్క పలకల మీద కాలితో వేసిన దెబ్బలు. అదీ ఇలాగే విని చూడండి.

మోనో వెర్షన్ అయితే మాత్రం ఈ చిట్కా పనిచేయదు, రెండు వైపులా ఒకటే వస్తుంది. ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో 'మోనో ఆడియో' ఆన్‌లో ఉన్నా అంతే. ముందు అది ఆఫ్ చేయండి.