పల్లె ఉపదేశి జీవిత చరిత్ర రాయదలచినవారికి

డోర్నకల్ చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసిన తొలితరం ఉపదేశి (ఊళ్లో క్రైస్తవ బోధ చేసే సంఘపు పంతులు) జీవితాన్ని రాయదలచినవారు ముందుగా అతని ప్రసంగాల జోలికి పోకుండా కాలక్రమాన్ని తేల్చుకోవాలి. పెద్దలు సంవత్సరం చెప్పరు. “రజాకార్ల కంటె ముందు”, “పోలీసు చర్య అయిన యేడు” అంటారు. అందుచేత నికరమైన తేదీలను దగ్గర పెట్టుకుని మాట్లాడించాలి: అజరయ్య డోర్నకల్ తొలి బిషప్పుగా అభిషిక్తులైన 1912 డిసెంబరు 29, ఆయన కన్నుమూసిన 1945 జనవరి 1, దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడిన 1947 సెప్టెంబరు, పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు. నిజాం కాలపు కాగితాల్లో ఉండేది ఫసలీ (రెవెన్యూ లెక్కల) సంవత్సరం. క్రీస్తు శకం రావాలంటే దానికి 590 కలపాలి. అయితే ఆ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది కనుక, ఫసలీ 1350 అంటే 1940 అక్టోబరు నుంచి మరుసటి అక్టోబరు వరకని గ్రహించాలి.

తరువాత బాప్తిస్మపు రిజిస్టరు చూడాలి. అందులో యోహాను అని ఉన్న మనిషి 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులో మల్లయ్యగానే ఉండవచ్చు. పాత పేరు, కొత్త పేరు రెండూ అడిగి రాసుకోకపోతే ఒక్క మనిషే ఇద్దరవుతాడు.

అసలు సరుకు దొరికేది ముచ్చట్లలోనే. “చాలా గొప్పవాడా?” అని అడిగితే అవునంటారు, అంతటితో సరి. దాని బదులు దొర గడి నుంచి వెట్టికి పిలుపు వచ్చిన రోజున పంతులు ఏం చేశాడు, రాత్రి బడి దీపానికి నూనె ఎవరిచ్చారు, అన్నదమ్ముల తగవు ఏ చెట్టు కింద తీర్చాడు, ఓడినవాడు మళ్లీ గుడికి వచ్చాడా అని అడగాలి. బాప్తిస్మం పొందినవారు తలపై చేయి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ (కీడు) అని పలికే పద్ధతిని అజరయ్య ప్రోత్సహించారు. ఆ ఊళ్లో అది జరిగేదో లేదో తెలుసుకుంటే ఉపదేశి ఒక్కడే బోధకుడా, వాడ అంతా బోధకులేనా అన్నది తేలుతుంది. ఉపదేశి భార్య సంగతి కోడళ్లను, కూతుళ్లను అడగాలి. మగవారి జ్ఞాపకాల్లో ఆమె వంటింటికే పరిమితమవుతుంది.

అద్భుతాలను చెప్పినవారి మాటగానే రాయాలి. తగాదాలను, బదిలీలను దాచకూడదు. అవి లేని చరిత్ర, నా దృష్టిలో, సంస్మరణ కరపత్రమే. చిత్తుప్రతిని అచ్చుకు ఇచ్చే ముందు అతని కుటుంబానికే కాక, మతం మారని ఇరుగుపొరుగుకు కూడా చదివి వినిపించి, మాటలు కలవని చోట రెండు కథనాలనూ పక్కపక్కనే ఉంచాలి.