బిడ్డను తూచే రోజున తల్లినీ తూచండి: గర్భిణి, బాలింత బరువుపై అనంతపురం ఇళ్లకు మార్గదర్శి

మన సీమ జిల్లాల్లో గర్భిణి బరువు ప్రస్తావన వస్తే ఇన్నేళ్లూ తక్కువ బరువు గురించీ రక్తహీనత గురించీ మాత్రమే మాట్లాడుకున్నాము. ఆ బెడద ఇంకా తీరలేదు. అయితే 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువుతో గానీ ఊబకాయంతో గానీ ఉన్నారు. అదే సర్వేలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒళ్లు నిండుగా ఉన్నా ఒంట్లో రక్తం లేని తల్లులు మన చుట్టూ చాలామందే ఉన్నారని అర్థమవుతుంది. కాబట్టి లావుగా ఉన్న కోడలికి ఐరన్ మాత్రలు అక్కరలేదనుకోవడం తప్పు. ఆమె కూడా మిగతా గర్భిణుల్లాగే నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఆ మాత్రలు వేసుకోవాలి.

అధిక బరువు ఉన్న గర్భిణికి చక్కెర వ్యాధి, అధిక రక్తపోటు, గుర్రపువాతం (రక్తపోటు పెరిగి మూర్ఛలు రావడం), సిజేరియన్ అవసరం, కాన్పు తరువాత అధిక రక్తస్రావం, కుట్లు చీము పట్టడం, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులు పెరుగుతాయి. బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టం కావచ్చు, ఆ బిడ్డకే పెద్దయ్యాక ఊబకాయం వచ్చే అవకాశమూ ఎక్కువ. తల్లి నుంచి బిడ్డకు ఇలా సాగే సమస్య కనుకనే దీన్ని ఒక ఇంటి విషయంగా కాక ప్రజారోగ్య విషయంగా చూడవలసి వస్తోంది.

మొదట చేయవలసిన పని గర్భం దాల్చిన 12 వారాల లోపే ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించుకుని, ఆ రోజు బరువునూ ఎత్తునూ మాతా శిశు సంరక్షణ కార్డులో రాయించుకోవడం. మూడు నెలలు దాటాక తూస్తే అసలు బరువెంతో, గర్భం వల్ల పెరిగిందెంతో వేరు చేయడం కష్టమవుతుంది. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించగా వచ్చేదే బీఎంఐ. ఉదాహరణకు అయిదడుగుల ఎత్తు, అంటే 1.52 మీటర్లు, 58 కిలోల బరువు ఉన్న స్త్రీకి బీఎంఐ సుమారు 25 అవుతుంది. భారతీయుల శరీరతత్వాన్ని బట్టి 23 నుంచే అధిక బరువుగా, 25 నుంచి ఊబకాయంగా లెక్కించాలని మన దేశ వైద్య నిపుణులు 2009లో సూచించారు. చూడటానికి బొద్దుగా మాత్రమే కనిపించే ఈ 58 కిలోల అమ్మాయిని ఇంట్లో ఎవరూ లావని అనరు, పైగా దిష్టి తీస్తారు.

ఎంత పెరగాలన్నదానికి అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన కొలతలను ఎక్కువమంది వైద్యులు ఆధారంగా తీసుకుంటారు. గర్భానికి ముందు బీఎంఐ 18.5 నుంచి 24.9 వరకు ఉంటే మొత్తం మీద 11.5 నుంచి 16 కిలోలు, 25 నుంచి 29.9 వరకు ఉంటే 7 నుంచి 11.5 కిలోలు, 30 దాటితే 5 నుంచి 9 కిలోలు పెరగడం సరిపోతుంది. అంటే నాలుగో నెల నుంచి బీఎంఐ 25 నుంచి 29.9 వరకు ఉన్నవారు వారానికి సుమారు 300 గ్రాములు, 30 దాటినవారు సుమారు 200 గ్రాములు పెరిగితే చాలు. ఒక నెలలో మూడు కిలోలకు మించి పెరిగితే దాన్ని తిండి ఖాతాలో వేసి ఊరుకోకూడదు. నీరు చేరడం, రక్తపోటు, చక్కెర, కవలలు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు కనుక వెంటనే ఏఎన్ఎంకు చూపించాలి. ఒక హెచ్చరిక కూడా అవసరం: గర్భం మోస్తున్నప్పుడు బరువు తగ్గడానికి పూటలు మానడం, ఒక్క పొద్దులు ఉండటం ఎంతమాత్రం పనికిరాదు. పెరుగుదలను అదుపులో ఉంచడమే ఇక్కడ పని.

ఇక తిండి. ఇద్దరి కోసం తినాలన్న మాట ఎంత పాతదో అంత పొరపాటు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసింది 350 కిలో కాలరీలు మాత్రమే. ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, చిన్న గుప్పెడు బుడ్డలు (వేరుశనగ గింజలు) కలిపితే దాదాపుగా ఆ లెక్క సరిపోతుంది, అందులో పాలూ గుడ్డూ అంగన్‌వాడీలో దొరికేవే. మొదటి నుంచే బరువు ఎక్కువ ఉన్నవారు అదనంగా అన్నం పెట్టుకోకుండా ఈ పాలు, గుడ్లు, పప్పు, ఆకుకూరల మీదే దృష్టి పెట్టడం మేలు. బుడ్డలు మన నేల పంట కావడం వల్ల వాటికి లెక్క ఉండదు: పచ్చడిలో బుడ్డలు, ఊరుబిండిలో బుడ్డలు, సాయంత్రం చెక్కీలో బుడ్డలు, ఆపైన తాలింపులో బుడ్డల నూనె. అవి మంచి ఆహారమే, కానీ 100 గ్రాముల గింజల్లో 500కు పైగా కిలో కాలరీలు ఉన్నాయన్న సంగతి తెలిసి తినాలి. రాగి సంగటి విషయంలోనూ ఒక భ్రమ ఉంది. రాగిలో కాల్షియమూ పీచూ ఉన్న మాట నిజమే గానీ, సంగటిలో బియ్యమూ ఉంటుంది, చక్కెర పెరగడం ముద్ద పరిమాణాన్ని బట్టి ఉంటుంది. పెద్ద ముద్దకు బదులు చిన్న ముద్ద పెట్టుకుని, పక్కన పుంటికూర పప్పో, ఉలవల చారో, అలసందల కూరో ఎక్కువగా వేసుకోవాలి. పొద్దున ఉగ్గాని తింటే తినవచ్చు. దాని పక్కన వచ్చే మిరపకాయ బజ్జీల దగ్గరే లెక్క తప్పుతుంది. శ్రీమంతం నాటి ఓళిగలను ఎవరూ కాదనలేరు, కానీ ఆ తరువాత ఒక్కొక్క బంధువు ఇంటి నుంచీ వచ్చే మిఠాయి డబ్బాలను ఇంట్లో అందరూ పంచుకుని తినాలి, గర్భిణి ఒక్కదాని చేతిలోనే పెట్టకూడదు.

చక్కెర పరీక్ష మొదటిసారి ఆసుపత్రికి వెళ్లిన రోజునే చేయించుకోవాలి, అది మామూలుగా ఉంటే 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయించుకోవాలి. 75 గ్రాముల గ్లూకోజును నీళ్లలో కలిపి తాగించి రెండు గంటల తరువాత రక్తం చూస్తారు, పరగడుపున రావలసిన పని లేదు. ఫలితం 140 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భిణి చక్కెర వ్యాధిగా పరిగణిస్తారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ పరీక్షలకు వెళితే రక్తపోటు, చక్కెర, రక్తం శాతం ఒకే రోజు ఉచితంగా చూపించుకోవచ్చు.

వైద్యులు వద్దనని వారందరూ రోజుకు అరగంట చొప్పున వారంలో అయిదు రోజులు నడవడం మంచిది. మార్చి దాటితే మన ఎండ సంగతి తెలిసిందే కనుక తెల్లవారుజామున గానీ పొద్దు వాలాక గానీ నడవాలి, వెంట నీళ్లు ఉంచుకోవాలి.

అసలు చిక్కు కాన్పు తరువాత మొదలవుతుంది. గర్భిణిగా ఉన్నన్నాళ్లూ ఆమెను నెలనెలా తూచిన వాళ్లు, బిడ్డ పుట్టగానే త్రాసు మీద బిడ్డను పెట్టి తల్లిని మరిచిపోతారు. ఆమె పుట్టింట మూడు నెలలో అయిదు నెలలో ఉంటుంది. ఆ ఇంట్లో ప్రేమ అంతా నెయ్యి రూపంలోనే బయటపడుతుంది. వేడి అన్నంలో నెయ్యి, బెల్లమూ నెయ్యీ కలిపి చేసిన బాలింత కాయం, పైగా మంచం దిగవద్దన్న ఆంక్ష. ఒక పెద్ద చెంచా నెయ్యిలోనే 135 కిలో కాలరీల దాకా ఉంటాయి. శొంఠి, మిరియాలు, వాము, వెల్లుల్లి పెట్టడంలో తప్పు లేదు, వాటిని మోసుకొచ్చే బెల్లం, నెయ్యి కొలతలోనే ఉంది సమస్య. రోజుకు రెండు చిన్న చెంచాల నెయ్యి చాలని అమ్మమ్మకు చెప్పడం కూతురికి కష్టమే గనుక ఆ మాట ఆశా కార్యకర్త నోట చెప్పించండి, వింటారు. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందన్న మాటను మాత్రం అసలు పాటించవద్దు. పాలిచ్చే తల్లికి దప్పిక తీరా నీళ్లు కావాలి. నడుముకు గుడ్డ బిగించి కడితే ఆసరాగా ఉండవచ్చు గానీ దానివల్ల కొవ్వు కరగదు.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలో కాలరీలు అదనంగా కావాలని పోషకాహార సంస్థ చెబుతుంది. ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు ఎక్కువైతే అందులో కొంత ఆ నిల్వ నుంచే వస్తుంది. ఊబకాయం ఉన్న తల్లికి పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. అప్పుడు డబ్బా పాలకు తొందరపడకుండా బిడ్డను మాటిమాటికీ రొమ్ముకు పట్టించాలి, పట్టించే తీరును నర్సుకు చూపించాలి.

అంగన్‌వాడీలో బిడ్డ బరువు రాసే రోజున తల్లి కూడా ఆ కేంద్రంలోని పెద్దల త్రాసు ఎక్కాలి, కార్డు వెనుక తేదీ వేసి ఆ అంకెను రాయించుకోవాలి. ఆరు వారాలు దాటాక, పాలు బాగా సాగుతుంటే, వారానికి అర కిలో వరకు తగ్గడం బిడ్డకు చేటు చేయదు. మామూలు కాన్పు అయినవారు ఒంట్లో ఓపికను బట్టి కొద్ది రోజులకే ఇంట్లో నడవడం మొదలుపెట్టవచ్చు. సిజేరియన్ అయినవారు కూడా మంచం పట్టుకుని ఉండకుండా మెల్లగా తిరగాలి, పొట్ట వ్యాయామాలు మాత్రం వైద్యులు చూశాకే చేయాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, తలనొప్పితో చూపు మసకబారినా, కుట్ల దగ్గర ఎర్రబడి కారినా మరునాటి దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

రెండో బిడ్డ తొందరగా వస్తే మొదటి కాన్పులో పెరిగిన బరువు మీదే మళ్లీ బరువు చేరుతుంది. కనీసం రెండేళ్ల ఎడం ఉండేలా కుటుంబ నియంత్రణ పద్ధతిని ఆరు వారాల పరీక్షలోనే అడిగి నిర్ణయించుకోవాలి; మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్‌తో కొందరికి బరువు పెరుగుతుంది కనుక తమ బరువు సంగతి ముందే చెప్పాలి. గర్భంలో చక్కెర వచ్చిన తల్లి అదే ఆరు వారాల సందర్శనలో 75 గ్రాముల గ్లూకోజు పరీక్షను మళ్లీ చేయించుకోవాలి, మామూలుగా ఉందని తేలినా ఆ తరువాత ఏడాదికొకసారి రక్తం చూపించుకోవాలి. బిడ్డ పుట్టినరోజు నెలనే దీనికి గుర్తుగా పెట్టుకుంటే తేదీ మరిచిపోరు.