పాత అలమర ఏ చెక్కదో తెలియనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

కర్నూలు, కడప, అనంతపురం వైపు పాత మిద్దెల్లో అలమరలు చాలావరకు గోడలోనే ఉంటాయి. అరలకు కడప బండలు పరిచి, ముందు భాగానికి మాత్రం చెక్క చట్రం, తలుపులు బిగించేవారు. ఇల్లు పడగొట్టేటప్పుడో, పంచుకునేటప్పుడో, మళ్లీ పాలిష్ పెట్టించాలనుకున్నప్పుడో ఆ తలుపులు ఏ చెక్కవన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు దాదాపు అందరూ చేసే పని తలుపు ముందు వైపు చూసి, రంగును బట్టి టేకు అనేయడం. ఆ రంగు లక్క పాలిష్‌ది కావచ్చు, అందులో కలిపిన గేరు (ఎర్రమట్టి పొడి)ది కావచ్చు, పాలిష్‌కు ముందు పూసిన పొటాషియం పర్మాంగనేట్ నీళ్లది కావచ్చు. పర్మాంగనేట్ పూసేటప్పుడు ఊదాగా ఉండి, ఆరేసరికి గోధుమ రంగుకు తిరుగుతుంది. మామిడి పలకను కూడా దానితో చూడముచ్చటగా నల్లబరచవచ్చు.

కాబట్టి కింద చెప్పే లక్షణాల్లో ఏది ఎదురైనా ముందు స్టూలు వేసుకొని తలుపు పై అంచు చూడాలి. తలుపు చట్రంలోని నిలువు పట్టెల కొనలు అక్కడ బయటికి ఉంటాయి. ఎవరి కంటా పడదు కనుక ఆ అంచుకు సాధారణంగా ఎవరూ పాలిష్ పెట్టరు. చెట్టును అడ్డంగా కోస్తే కనిపించే ముఖం అదే, చెక్క జాతిని నమ్మకంగా చెప్పేదీ అదే. దుమ్ము తుడిచి, కొత్త బ్లేడుతో గాని పదునైన ఉలితో గాని గోరంత మేర పలుచగా కోయాలి. ఉప్పు కాగితంతో రుద్దకూడదు, రుద్దితే రంధ్రాలన్నీ పొట్టుతో పూడుకుపోయి ఏ చెక్కయినా ఒకేలా కనిపిస్తుంది. కోసిన చోట వేలితో కాస్త తడి చేసి, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూస్తే చాలు. ఈ మాత్రం పని మానేసి ఫోన్లో తీసిన తలుపు ఫోటో చూపించి ధర అడిగేవారికి సరైన సమాధానం ఎవరూ చెప్పలేరు.

టేకు అయితే ఆ కోతలో వరుసలు తెలుస్తాయి. ఏడాదికొక వలయం చొప్పున, ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు ఒక గీతలా కూడి ఉంటాయి, తరువాత సన్నబడిపోతాయి. ఈ గీత భూతద్దం లేకుండానే కనిపిస్తుంది. వలయాలకు అడ్డంగా పోయే లేత గీతలు కూడా కంటికి ఆనతాయి. కోసిన చోట వాసన చూస్తే పాత తోలు వాసన వస్తుంది, ముట్టుకుంటే కొంచెం జిడ్డుగా తగులుతుంది. ఎన్నో ఏళ్లు గోడలో ఉన్న టేకు కూడా తాజాగా కోసిన చోట ఈ వాసన వదులుతుంది.

లక్షణం: పాలిష్ గీకితే లోపల తెల్లగా వచ్చింది

దీనికి కారణాలు రెండే. చెక్క అసలు టేకు కాకపోవడం ఒకటి, టేకే అయినా చేవ (చెట్టు నడిమి ముదురు చెక్క) కాకుండా బెరడు వైపు తెల్ల చెక్క వాడి ఉండటం రెండోది. పై అంచులో రంధ్రాల గీత కనిపిస్తే రెండోదే. అలాంటి పట్టె పక్కన గోధుమ రంగు చేవ కూడా ఉంటుంది, రెండింటికీ మధ్య హద్దు స్పష్టంగా తెలుస్తుంది. తెల్ల చెక్కకు పురుగును తట్టుకునే శక్తి లేదు కనుక, గుండుసూది మొనంత బొక్కలూ కింద మెత్తని పిండీ కనిపిస్తే అవి ఆ భాగంలోనే ఉంటాయి. బొక్కలు తెల్ల చెక్క దాటి చేవలోకి కూడా వెళ్లాయంటే అది టేకు కాదని దాదాపు నిశ్చయించుకోవచ్చు. పరిష్కారంగా తెల్ల భాగానికి పురుగుమందు పట్టించి, పాలిష్‌లో రంగు సరిచేస్తే సరిపోతుంది, తలుపు మార్చనక్కరలేదు.

గీకబోయేది పాత ఎనామిల్ రంగు అయితే పొడిగా రుద్దవద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల వంతుల్లో 90 వంతులకు) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగు దుమ్ము, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో, మంచిది కాదు.

లక్షణం: తడి గుడ్డతో తుడిస్తే పసుపు దిగుతోంది, లేదా తెల్ల రంగు వేస్తే పసుపు మచ్చలు పైకి వస్తున్నాయి

అందరూ పొరబడేది ఇక్కడే. ఎదురుగా చూస్తే టేకులా ఉంటుంది, బరువు కొంచెం ఎక్కువైనా పాత చెక్క కదా అని సర్దుకుంటారు, అమ్మేవాడు టేకంటాడు, కొనేవాడు ఒప్పుకుంటాడు. చివరికి రంగు వేసేవాడు రెండు పూతలు వేసి, మచ్చ పోక మూడోది వేసి, తప్పు రంగు డబ్బామీదకు నెడతాడు. డబ్బాలో తప్పేమీ లేదు. ఆ చెక్క ఏగిస. కొన్ని ఊళ్లలో ఏగి అనీ పెద్దేగి అనీ అంటారు. నల్లమలలోనూ కడప వైపు కొండల్లోనూ పెరిగే చెట్టే కాబట్టి ఇది మన పాత తలుపుల్లో, కిటికీల్లో, దూలాల్లో తరచుగా తగులుతుంది. మధుమేహానికి మంచిదని చెప్పి, నీళ్లు పోసి ఉంచి తాగే చెక్క గ్లాసులు అమ్ముతారే, అవి ఈ చెట్టు చేవతో చేసినవే. ఆ గ్లాసులో నీళ్ల రంగు ఎందుకు మారుతుందో తలుపు మీద మచ్చ కూడా అందుకే వస్తుంది. ఈ చేవలోని రంగు పదార్థం నీటిలో కరుగుతుంది. నీటితో కలిపే ప్రైమర్, ఎమల్షన్ తడిగా ఉన్నంతసేపూ దాన్ని పైకి లాగుతూనే ఉంటాయి.

పై అంచు కోసి చూస్తే తేడా తెలుస్తుంది. టేకులో ఉన్న రంధ్రాల గీత ఇందులో అంత స్పష్టంగా ఉండదు. రంధ్రాలు పెద్దవే అయినా అక్కడొకటి ఇక్కడొకటిగా చెదిరి ఉంటాయి, వాటిని కలుపుతూ లేత రంగులో సన్నని వంకర గీతలు పోతుంటాయి. టేకులో కంటికి ఆనిన అడ్డ గీతలు ఇందులో భూతద్దం లేకుండా కనిపించవు. తోలు వాసన రాదు, జిడ్డు ఉండదు.

ఇంకా అనుమానం ఉంటే నీటి పరీక్ష చేయాలి. పట్టె లోపలి వైపు, రంగూ పాలిష్ తగలని చోట, ఉలితో చిటికెడు పొట్టు తీసి, రంగులేని గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి అందులో వేయాలి. కొంతసేపటికి నీళ్లు పసుపుగా మారతాయి. గ్లాసు వెనుక నల్ల గుడ్డ పెట్టి, ఎండ పక్క నుంచి పడేలా పట్టుకుని చూస్తే, ఏగిస నీళ్ల అంచున నీలి మెరుపు తేలుతుంది. టేకు కూడా నీళ్లలో కొద్దిగా గోధుమ రంగు వదులుతుంది గాని ఈ నీలి మెరుపు దానికి ఉండదు.

ఈ పరీక్ష తేలికే అయినా దీన్ని చెడగొట్టేవి రెండున్నాయి. మొదటిది బట్టల సబ్బుపొడి. తెల్లదనం కోసం అందులో కలిపే పదార్థాలు వాటంతట అవే ఎండలో నీలంగా మెరుస్తాయి. సబ్బుపొడితో కడిగిన గ్లాసు వాడినా, సబ్బు నీళ్లతో తుడిచిన తలుపు పై పొర నుంచి పొట్టు తీసినా ఏ చెక్కయినా ఏగిసలాగే కనిపిస్తుంది. గ్లాసును ఉత్త నీళ్లతో పలుమార్లు కడిగి, పొట్టు లోపలి నుంచే తీయాలి. రెండోది వంటింటి పసుపు. పోపుల డబ్బాలు పెట్టిన అలమర తుడిస్తే గుడ్డకు అంటేది నిజంగా పసుపే కావచ్చు. గుడ్డ మీద ఆ మరకకు సబ్బు తగిలించి చూడండి, ఎర్రగా తిరిగితే అది పసుపు, చెక్కతో సంబంధం లేదు. పనస కూడా పసుపు వదులుతుంది గాని దాని చేవ తాజా కోతలో నిండు పసుపు రంగులో ఉంటుంది, పైగా మన సీమ ఇళ్లలో పనస అలమర తక్కువే.

తీసివేయగలిగిన చెక్క అర ఒకటి ఉంటే బరువు కూడా సాక్ష్యం చెబుతుంది. 90 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, రెండున్నర మందం ఉన్న పలక టేకుదైతే సుమారు 4.4 కిలోలు తూగుతుంది, ఏగిసదైతే సుమారు 5.4 కిలోలు. చెక్కకూ చెక్కకూ కొంత తేడా ఉంటుంది కాబట్టి బరువొక్కటే చూసి తేల్చకూడదు, కోతలో కనిపించినదానికి అది తోడు కావాలి.

ఏగిస అని తేలాక ఏం చేయాలన్నది మీకు ఏ ముగింపు కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది. తెల్ల రంగే వేయాలనుకుంటే, మచ్చలు వచ్చిన పూతను ఆరనిచ్చి, దాని మీద లక్కను స్పిరిట్‌లో కరిగించిన పూత పలుచగా వేయాలి. చెక్క రంగు స్పిరిట్‌లో కూడా కొంత కరుగుతుంది కనుక కుంచెను వెనక్కి ముందుకు రుద్దకుండా ఒక్కసారే లాగి వదలాలి. మొదటి పూతకు పసుపు తగులుతుంది, అది చూసి కంగారుపడనక్కరలేదు. పూర్తిగా ఆరాక రెండో పూత, దాని మీద ఆయిల్ ప్రైమర్, ఆ పైన మీకు నచ్చిన రంగు. నీటితో కలిపే ప్రైమర్‌ను నేరుగా చెక్క మీద వేయడం మాత్రం మానాలి. చెక్క రంగే కనపడాలనుకుంటే లక్క పాలిష్‌కు మించింది లేదు, ఏగిస దానికి చక్కగా ఒప్పుతుంది. పాత రంగు వదిలించడానికి కాస్టిక్ సోడా, చాకలి సోడా వంటివి పూయనివ్వకండి, ఆ క్షారం తగిలిన చోట చెక్క ముదురు రంగుకు తిరిగి మళ్లీ దారికి రాదు.

ఏగిస అని తేలితే చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు, ఎందుకో అర్థం కాదు. బలంలో, మన్నికలో అది తక్కువ చెక్క కాదు. పాత కలప అంగట్లో టేకు ధర రాకపోవచ్చు, అంతే. ఇంట్లో ఉంచుకునేవారికి ఆ తేడాతో పనిలేదు.

లక్షణం: మేకుల చుట్టూ, మడతబందుల కింద నల్లని మచ్చలు

చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము, తడి కలిస్తే నలుపు వస్తుంది. తుమ్మ, నల్లమద్ది ఈ విషయంలో ముందుంటాయి. నల్లమద్ది ముదురు గోధుమ రంగులో నల్ల చారలతో ఉండి, టేకు కంటే బాగా బరువుగా ఉంటుంది, కోతలో రంధ్రాల చుట్టూ లేత రంగు చుక్కలు కనిపిస్తాయి. మచ్చలు పోవాలంటే పాలిష్ తీసేసి, ఆక్సాలిక్ ఆమ్లం నీళ్లలో కలిపి పూసి, తరువాత మంచినీళ్లతో బాగా తుడవాలి. అది విషం, చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, పిల్లలకు అందనివ్వద్దు. మళ్లీ ఇనుప మేకులే కొడితే మచ్చలు మళ్లీ వస్తాయి కనుక ఇత్తడి మరలు వాడండి.

లక్షణం: ఎర్రగా, బరువుగా ఉంది, ఎర్రచందనమేమో

దాదాపు ఎప్పుడూ కాదు. ఎర్ర గేరు కలిపిన పాలిష్ గాని, వేప గాని అయి ఉంటుంది. వేప చేవ సహజంగానే ఎర్రటి గోధుమ రంగు. దాని నార పేటలు మెలిపడి ఉండటం వల్ల చిత్రిక పట్టిన ముఖం మీద వెలుగునీడల పట్టీలు కనిపిస్తాయి. స్పిరిట్ గుడ్డతో తలుపు తుడిచి, ఎరుపు దిగిందని నిర్ణయానికి రావడం ఇందులో జరిగే పొరపాటు. లక్క పాలిష్ స్పిరిట్‌లో కరుగుతుంది, దానితో పాటే గేరూ దిగుతుంది. లోపలి నుంచి తీసిన చిన్న పేడును నీళ్లలో వేసి చూడండి. ఎర్రచందనం చేవ నీళ్లకంటే బరువు కనుక మునిగిపోతుంది, దాని ఎరుపు చన్నీళ్లలో అంతగా దిగదు, స్పిరిట్‌లో మాత్రం చిక్కగా దిగుతుంది. ఏగిస, ఎర్రచందనం దగ్గర బంధువులు కాబట్టి నీలి మెరుపు ఒక్కటే చూసి ఈ రెండింటినీ వేరు చేయలేరు. నిజంగానే ఎర్రచందనం అనిపిస్తే బేరానికి పెట్టకండి, కదిలించకండి. అటవీ శాఖ అనుమతి లేకుండా దాన్ని అమ్మడం, తరలించడం నేరం. ముందు దగ్గరలోని అటవీ కార్యాలయంలో అడగండి.

లక్షణం: ఒకే అలమర, రెండు తలుపులు రెండు రకాలుగా ఉన్నాయి

ఒక తలుపు ఎప్పుడో మార్చి ఉంటారు, లేదా చట్రం ఒక చెక్కతో, మధ్య పలకలు మరో చెక్కతో చేసి ఉంటారు. రెండోది పాత వడ్రంగులు కావాలనే చేసేవారు, పట్టెలకు గట్టి చెక్క, పలకకు వెడల్పుగా దొరికే చెక్క. అందుకే ధర కట్టేటప్పుడు పట్టె కొన చూసి అలమర మొత్తానికీ ఒకే పేరు పెట్టకూడదు, పలకను గాడిలోకి దిగిన అంచు దగ్గర విడిగా కోసి చూడాలి.

మిగిలినవి అరుదు. పై అంచులో అట్టల్లా పొరలు కనిపిస్తే అది ప్లైవుడ్, ఇంకేం చూడనక్కరలేదు. ఊదా రంగు మీద నల్ల చారలుండి, కోస్తే తియ్యని వాసన వస్తే జిట్రేగి (రోజ్‌వుడ్) అనుకోవచ్చు. బర్మా టేకా నల్లమల టేకా అన్నది కంటితో తేల్చే సంగతి కాదు, తేల్చానని చెప్పేవారి ధర నమ్మకండి. పంపకాల్లో తగువుకో, పెద్ద మొత్తం బేరానికో ఖచ్చితమైన జవాబు కావలసి వస్తే, అగ్గిపెట్టెంత ముక్కను మడతబంది వెనుక నుంచి తీసి బెంగళూరు మల్లేశ్వరంలోని చెక్క శాస్త్ర సాంకేతిక సంస్థకు పంపండి, చెక్క జాతిని గుర్తించే సేవ అక్కడ ఉంది. ముక్కలో చేవ ఉండేలా చూసుకోండి, పాలిష్ అంటిన ముఖం అక్కరలేదు.